పదకొండు అడుగుల అతుకు

శుక్రవారం వచ్చిందంటే సరస్సు ఒడ్డునున్న పోర్ట్ మెర్సర్ ఊళ్ళో, మాజీ సైనికుల హాల్లో పెర్చ్ చేప వేపుడు, రై రొట్టె, బ్రాందీ, చైనాతో యుద్ధం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తగ్గిన శుక్రవారాన్నీ రోనా డ్వోరాక్ ఎరగదు. మొదటి మూడూ ఆమెకు ఇష్టం. నాలుగోది మొదలయ్యేసరికి ఒళ్ళు మండిపోయేది.

"మూడొందల డెబ్బై ఓడలు! మనవి మూడొందలు కూడా లేవు. ఇంక మాట్లాడేదేముంది?" అని ఆమె చెల్లెలి మొగుడు వెండెల్ క్రూగర్ బల్ల మీద గుద్దేవాడు.

"ఓడలు లెక్కపెడితే సరిపోతుందట్రా? వాళ్ళవాటిలో సగం చేపల పడవలకి అన్నయ్యలు. బరువు చూడు. బరువులో మనమే ముందు," అనేవాడు లెస్టర్ స్కోగ్. ఇరవై ఏళ్ళు జలాంతర్గాముల్లో పనిచేసి వచ్చిన ముసలాయన. ఎనభై దాటినా నోరు మాత్రం ఇంకా పదవీ విరమణ చెయ్యలేదు.

"బరువు చూడ్డానికి అవేమన్నా బంగాళాదుంప బస్తాలా?"

"పోనీ ఖర్చు చూడు. ప్రపంచమంతా సైన్యాలకి పెట్టే ప్రతి పది డాలర్లలో దాదాపు నాలుగు మనవే. మన వెనకాల వరసగా ఉన్న ఏడెనిమిది దేశాల్ని కట్టగట్టినా మనంత తూగవు. ఇంకెంత కావాలి నీకు?"

"వాళ్ళు ఒక డాలరు పెట్టి మనం రెండు డాలర్లకి చేసే పని చేయిస్తారు. అక్కడ వెల్డరు జీతమెంత, మా రోనా జీతమెంత? అదీగాక వాళ్ళు బయటికి చెప్పేది ఒకటి, లోపల ఖర్చుపెట్టేది ఇంకోటి."

"లోపల పెట్టేది నీకెలా తెలిసిందీ? బీజింగ్ నుంచి ఉత్తరం రాశారా?"

హాలంతా గొల్లున నవ్వేది. వెండెల్ చేపల పళ్ళెం కింద వేసిన కాగితం లాగి, నూనె మరకల మధ్య అంకెలు రాసేవాడు. విమానవాహకాలు ఇన్ని, క్షిపణులు ఇన్ని, ఏడాదికి నీట్లో దించే ఓడలు ఇన్ని. అన్నీ ఎక్కడో చదివినవే. చదివినవాటిలో తనకు నచ్చినవే గుర్తుపెట్టుకునే గొప్ప జ్ఞాపకశక్తి ఆయనది.

ఈ ఓడలను ఎవరు కడతారనే మాట మాత్రం ఆ కాగితాల మీద ఎప్పుడూ రాలేదు. కట్టే మనిషి నాలుగు బల్లల అవతల రొట్టెకి వెన్న రాసుకుంటూ కూర్చునేది. ఏడెనిమిదేళ్ళ కిందట ఒకసారి ఉండబట్టలేక రోనా లేచి, "ఓడని లెక్కపెట్టేముందు దాని అతుకులు చూడాలి గదా," అని మొదలుపెట్టింది. ఆమె గొంతు చిన్నది. అన్నేళ్ళ వెల్డింగ్ పొగ దాన్ని ఇంకా చిన్నది చేసింది. వెండెల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగా చెప్పమ్మా! వెనక బల్లల వాళ్ళకి వినపళ్ళేదు!" అన్నాడు. అంతా నవ్వారు. ఆమె చెల్లెలు ఐరిన్ కూడా నవ్వింది. రోనా కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ హాల్లో చైనా గురించి నోరు మెదపలేదు.

కోపం వచ్చినప్పుడు అరిచేసి చల్లబడే మనుషులున్నారు. రోనా ఆ జాతి కాదు. ఆమె కోపం లోపలే కాగుతూ ఉండేది.

ఆమె నౌకాదళానికి ఓడలు కట్టే యార్డులో చేరిన రోజుల్లో ఆడ వెల్డర్లు ఇద్దరే. రెండో ఆవిడ చలికాలం రాకముందే మానేసింది. రోనాకి మగవాళ్ళ కొలతల తోలు కోటు ఇచ్చి, "చేతులు మడుచుకో, అదే సరిపోతుంది," అన్నారు. మడుచుకుంది. ఆ మడతల్లో నిప్పురవ్వలు పడి మణికట్ల మీద పడ్డ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్ళి చేసుకుంది, ఆరేళ్ళకి వదిలేసింది. అంతకంటే ఆ విషయంలో చెప్పుకోదగ్గది లేదని ఆమే అంటుంది. ఇప్పుడు అరవై ఒకటి. అక్టోబరులో పని చాలిస్తుంది.

ఆమె చేతి కింద ఉన్న ఆస్తి ఒక్కటే, వేలెడంత ఉక్కు అచ్చు. దాని కొసన నలభై ఏడు అని చెక్కి ఉంటుంది. యార్డులో ప్రతి వెల్డరుకీ ఒక నంబరు. అతుకు పూర్తయ్యాక పక్కన అచ్చు పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఓడ ఎన్నేళ్ళు తేలితే అన్నేళ్ళూ ఆ అంకె అక్కడ ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో నలభై ఏడో నంబరు అతుకు ఒక్కటి కూడా పరీక్షలో పోలేదు. అందుకని నౌకాదళం తరఫున వచ్చే తనిఖీవాళ్ళు ఆ నంబరును అంతగా పట్టించుకోరు. కొత్త నంబర్లని మూడింటికొకటి చొప్పున తెరిచి చూస్తారు. నలభై ఏడుని ఇరవైకొకటి చూస్తే ఎక్కువ.

వెండెల్ అదే యార్డులో పని నడిపించే పెద్ద. మొదట్లో మంచి ఫిట్టరే. పై మెట్టు ఎక్కాక శుక్రవారం కబుర్లు సోమవారం పనిలోకి మోసుకొచ్చాడు. పొద్దున్నే అందరినీ నిలబెట్టి తెల్లబోర్డు మీద రాసేవాడు. 'వాళ్ళు ఈ నెల దించిన ఓడలు: ఆరు. మనం: సున్నా.' కింద గీత. గీత కింద, 'ఎవరు తొందరపడాలి?'

"చైనా వాడు పొద్దున మన టిఫిన్ టైముకి ఒక ఓడ దించేసి, సాయంత్రం ఇంకోదానికి రంగేస్తున్నాడు. మనం ఇక్కడ కాఫీ చల్లారుస్తున్నాం," అనేవాడు.

రోనాకి ఆ బోర్డు చూస్తే చెయ్యి దురద పెట్టేది. తన తండ్రి కాలంలో తొందరపెట్టాలంటే తొందరపడండిరా అని తిట్టేవారు. తిట్టుకి తిట్టు అప్పజెప్పొచ్చు. చైనాకి ఏమని అప్పజెబుతాం?

ఆ ఫిబ్రవరిలో చలి మామూలుగా లేదు. సరస్సు అంచున మంచు పెళ్ళలు ఇంటి ఎత్తున లేచాయి. విడిగా కట్టిన ఓడ భాగాల్ని లోపలికి లాగడానికి షెడ్డు తలుపులు తెరిస్తే లోపలి గాలి కూడా గడ్డకట్టేది. అలాంటి రోజుల్లో మందపాటి ఉక్కు పలకను ఊరికే అతకకూడదు. ముందు మంట పెట్టి ముప్పావుగంట కాచాలి. కాగిందో లేదో తెలుసుకోవడానికి ఆకుపచ్చ సుద్దముక్క ఉంటుంది. పలక మీద గీస్తే, వేడి సరిపోతే సుద్ద కరిగి నూనెలా జారుతుంది. సరిపోకపోతే పొడిగా గీత పడుతుంది. కాచకుండా అతికితే అప్పటికి అంతా బాగానే కనిపిస్తుంది. ఒకట్రెండు రోజులు పోయాక లోపల్లోపల పగులుతుంది. పైకి చప్పుడుండదు. రోనా అడుగుకొక గీత గీసేది. ఆమె చేసిన అతుకు పక్కన ఆకుపచ్చ మరకలు చూసి పిల్ల వెల్డర్లు, "అత్త బొట్లు పెట్టి పోయిందిరా," అని నవ్వుకునేవారు.

గురువారం ఉదయం ఆమె ఇంజను గది అడుగున పాకుతూ తన సామాన్లు ఏరుకుంటోంది. ఇంజను కూర్చునే దిమ్మ కింద, ఎడమ వైపు, పదకొండు అడుగుల పొడవున కొత్త అతుకు కనిపించింది. పక్కన నంబరు నలభై ఏడు.

ఆమె దీపం దగ్గర పెట్టి చూసింది. ఆ అతుకు తను వెయ్యలేదు. బుధవారం ఆమె ఆసుపత్రిలో భుజం చూపించుకుంటోంది. అచ్చు ఎప్పటిలాగే పనిముట్ల కిటికీ పక్కన మేకుకి తగిలించి వెళ్ళింది. అందరూ అక్కడే తగిలిస్తారు. ఇంకొకరి అచ్చు ముట్టుకోవడమంటే ఇంకొకరి పళ్ళబ్రష్షు నోట్లో పెట్టుకోవడంతో సమానమని యార్డులో అనుకుంటారు కాబట్టి ఎవరూ తాళం వెయ్యరు. మోకాళ్ళ మీద వంగి, పదకొండు అడుగులూ వేలితో తడుముకుంటూ పోయింది. ఆకుపచ్చ మరక ఒక్కటి లేదు. పొడి గీత కూడా లేదు. అసలు సుద్ద జేబులోంచే తియ్యలేదు.

అతుకు వేసినవాణ్ణి కనుక్కోవడానికి పావుగంట పట్టలేదు. హాలిస్ అనే నడివయసు మనిషి, మిసిసిపీ నుంచి కాంట్రాక్టు మీద వచ్చాడు. పనిమంతుడే. కాని పుట్టి బుద్ధెరిగిన తర్వాత మంచు చూడటం ఇదే మొదటిసారి.

"పలక కాచావా?" అంది రోనా.

"కాచడమేంటమ్మా? మా దగ్గర పొద్దున ఎనిమిదింటికే పలక మీద గుడ్డు కొట్టి అట్టేసుకోవచ్చు. కాచమని ఎవరూ చెప్పలేదే."

"మరి నా నంబరు?"

హాలిస్ మొహం మాడిపోయింది. "అచ్చు నేను పెట్టలేదమ్మా, నా పిల్లల మీదొట్టు. 'నువ్వు అతుకు, మిగతాది నేను చూసుకుంటా, సోమవారం రంగు పడాలి' అన్నాడు పెద్దాయన."

రోనా వెండెల్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది. ఆయన ఫోనులో ఉన్నాడు. ఆమె వైరు పీకేసింది.

"ఏంటిది రోనా?"

"నువ్వు చెప్పు ఏంటిదో. నా అచ్చు ఎందుకు కొట్టావు?"

వెండెల్ లేచి తలుపు మూశాడు. "అరవకు. హాలిస్ నంబరు కొత్తది. ఆ అతుకు మీద అది చూస్తే తెరిచి పరీక్ష చేస్తారు. పరీక్షంటే మూడు రోజులు. సోమవారం రంగు పడకపోతే ఓడ దించే తేదీ జారిపోతుంది. నీ నంబరు చూస్తే వాళ్ళు తల కూడా వంచరు. అది నీ గొప్పతనమే గదా!"

"పలక కాచలేదు."

"ఏం కాదు. లోపల పదిహేను డిగ్రీలుంది."

"బుధవారం తలుపులు రెండుసార్లు తీశారు. పలక మంచుగడ్డలా ఉండుంటుంది. ఈపాటికి లోపల చిట్లుతూ ఉంటుంది."

"చూశావా నువ్వు? చూళ్ళేదుగా! అక్కడ వాళ్ళు నెలకి ఆరు దించుతుంటే ఇక్కడ నువ్వు సుద్దముక్క పట్టుకుని..."

"ఎక్కడ వాళ్ళు?"

"చైనా వాళ్ళు!"

రోనాకి ఆ క్షణంలో ఆయన బల్ల మీదున్న కాఫీ కప్పు తీసి ఆ తెల్లబోర్డుకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. "నా నంబరు దొంగిలించింది చైనా వాడు కాదు వెండెల్," అని బయటికొచ్చేసింది.

సాయంత్రం ఐరిన్ ఫోను చేసింది. వెండెల్ ఇంటికెళ్ళి ఏం చెప్పాడోగాని ఆమె గొంతు అప్పటికే ఏడిచి ఏడిచి బొంగురుపోయింది.

"అక్కా, ఆయన గుండె సంగతి నీకు తెలుసు. ఉద్యోగం పోతే దాంతో వచ్చే వైద్య బీమా పోతుంది. నువ్వెలాగూ అక్టోబరులో మానేస్తున్నావు. ఒక్క అతుకే గదే. ఏమీ కాకపోవచ్చు గదే."

"ఏదన్నా అయితే?"

"అయినా తప్పు నీదని ఎవరంటారు? నీది ఎప్పుడూ పోలేదు గదా!"

రోనా ఫోను పెట్టేసింది. చెల్లెలు మంచిదే. మంచివాళ్ళు భయపడినప్పుడు ఇంత తేలిగ్గా ఇలాంటి మాట అనెయ్యగలరని అరవై ఒక్క ఏళ్ళకి తెలిసింది.

యార్డు కానూను ఆమెకు కంఠతా వచ్చు. వెల్డరు తన నంబరు చెడ్డదని తనే చెప్పుకుంటే, ఆ ఓడ మీద ఆ నంబరున్న ప్రతి అతుకూ తెరవాలి. అచ్చు లాగేసుకుంటారు. మళ్ళీ కొత్తగా చేరినదానిలా చిన్న గదిలో కూర్చుని పరీక్ష రాయాలి, అంటే ఉక్కు మీద. ముప్పై ఒక్క ఏళ్ళ మచ్చలేని పేరు సోమవారం పొద్దున ఏడింటికి తన నోటితో తనే మురిక్కాలవలో పడెయ్యాలి. వేరే దారి ఉంది. వెండెల్ అచ్చు కొట్టాడని చెప్పడం. దానికి సాక్ష్యం హాలిస్ ఒక్కడే. కాంట్రాక్టు మనిషి. వాణ్ణి సాక్ష్యం చెప్పమంటే మర్నాడే మిసిసిపీ బస్సెక్కిస్తారు. ఆమె ఆ రాత్రి అన్నం మానెయ్యలేదు, నిద్ర మానెయ్యలేదు. కోపం వచ్చినప్పుడు ఆమెకి ఆకలి ఎక్కువ.

ఆ హాల్లో ఒక కట్టుబాటుంది. తలుపు దాటి లోపలికొచ్చాక నెత్తిన టోపీ ఉండకూడదు. చచ్చిపోయిన నావికుల పేర్లున్న గోడ ఎదురుగా ఉంటుంది, వాళ్ళ మర్యాద అది. మరిచిపోయి టోపీతో అడుగుపెడితే బార్ నడిపే మార్సెల్లా ఇత్తడి గంట కొడుతుంది. ఆ మనిషి ఖర్చు మీద హాలంతటికీ ఒక గ్లాసు. ఇది చాలా ఊళ్ళలో ఉంది. పోర్ట్ మెర్సర్‌లో దానికి తోక ఒకటి తగిలించారు. డబ్బు పెట్టినవాడికి న్యాయం జరగాలి కాబట్టి, ఆ పోసిన గ్లాసుల్లో ఆఖరిది ఖాళీ అయ్యేదాకా మాట వాడిది. ఎవరూ అడ్డు రాకూడదు. అందుకని సోదిమనిషి దొరికితే హాలంతా గటగటా తాగేసి గ్లాసులు బోర్లించేది. బీమా ఏజెంటు ఒకడు నిమిషన్నరలో అయిపోయాడు. అది ఇప్పటికీ రికార్డు.

శుక్రవారం రోనా ఆరింటికి వచ్చింది. లోపల అరవైమంది దాకా ఉన్నారు. వెండెల్ అప్పటికే కాగితం మీద గీస్తున్నాడు.

"...ఓడలు కట్టే శక్తి తీసుకో. మనకన్నా రెండొందల రెట్లంట! రెండొందలు!"

"రెట్లు రెట్లు అంటావు, పావురాల గూట్లో పుట్టావా ఏంటి," అన్నాడు లెస్టర్.

గంట మోగింది. అందరూ తలతిప్పారు. రోనా తలుపు లోపల నిలబడి ఉంది. నెత్తిన వెల్డర్లు హెల్మెట్ కింద పెట్టుకునే చుక్కల గుడ్డ టోపీ, ముందంచు కాలి నల్లబడింది.

"టోపీ, రోనా!" అంది మార్సెల్లా. ముప్పై ఏళ్ళుగా ఒక్కసారి కూడా మరిచిపోని మనిషి మరిచిపోయిందని మార్సెల్లాకే నమ్మకం కలగలేదు.

"తెలుసు. అందరికీ పొయ్యి."

హాలంతా ఈలలు, చప్పట్లు. గ్లాసులు నిండాయి. వెండెల్ ఒక్కడే నవ్వలేదు. అతని పక్కన ఐరిన్ గ్లాసు పట్టుకుని బల్లకేసి చూస్తూ కూర్చుంది. ఆఖరి గ్లాసు అందాక రోనా టోపీ తీసి జేబులో పెట్టుకుంది.

"నాకు పెద్ద గొంతు లేదు. కాబట్టి నోరు మూసుకుని వినండి," అంది.

వెండెల్ తన గ్లాసు ఒక్క గుక్కలో ఎత్తేసి ఠాప్‌మని బోర్లించాడు. "తాగండ్రా! పదండి!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు అలవాటు కొద్దీ ఎత్తారు.

"మన ఓడ ఇంజను కింద పదకొండు అడుగుల అతుకుంది. దాని మీద నా నంబరుంది. అది నేను వెయ్యలేదు. పలక కాచకుండా అతికారు. ఫిబ్రవరిలో. కాచకుండా."

ఎత్తిన గ్లాసులు దిగాయి. ఆ హాల్లో సగం మంది యార్డువాళ్ళు, సగం మంది నావికులు. సగానికి అది చెయ్యకూడని పని అని తెలుసు. మిగతా సగానికి ఓడ అడుగున పగులంటే ఏంటో తెలుసు.

"నిన్న వేలితో తడిమాను. సుద్ద గీత లేదు. ఎవరు అతికారో చెప్పను, వాడికి కాచమని ఎవరూ చెప్పలేదు. నా నంబరు ఎందుకు కొట్టారో చెబుతా. నలభై ఏడు కనిపిస్తే తనిఖీవాళ్ళు తెరవరని. నేను ముప్పై ఒక్క ఏళ్ళు వంగి, పాకి, కళ్ళు పోగొట్టుకుని తెచ్చుకున్న మంచిపేరుని బురదకి గుడ్డలా కప్పారు!"

"రోనా, ఇక్కడ కాదు," అన్నాడు వెండెల్.

"అడ్డం రాకు. మాట నాది." ఆమె గొంతు చీలింది, కాని ఆగలేదు. "సోమవారం ఏడింటికి నౌకాదళం తనిఖీవాళ్ళ దగ్గరికెళ్ళి నలభై ఏడు చెడ్డదని చెబుతున్నా. అన్నీ తెరవమంటా. నా అచ్చు లాక్కుంటారు. లాక్కోనీ. ప్రతి శుక్రవారం ఇక్కడ కూర్చుని ఓడలు లెక్కపెడతారే! మూడొందలు, మూడొందల డెబ్బై! అందులో మీరెక్కేది ఒకటి. ఆ ఒక్కదాని అడుగున అతుకు నిలబడుతుందా అని ఎప్పుడన్నా అడిగారా? పదిలో నాలుగు డాలర్లు మనవేనని గొప్పలా! అంత డబ్బు పోస్తున్న దేశానికి ఒక పలక ముప్పావుగంట కాచే తీరిక లేదా?"

"ఇదంతా వాళ్ళకే లాభం, తెలుస్తోందా నీకు? అన్నీ తెరిస్తే ఆర్నెల్లు ఆలస్యం! ఇలాగే మనం వెనకబడేది!" వెండెల్ లేచి పక్కనున్న లెస్టర్ గ్లాసు అందుకోబోయాడు. తాగేస్తే ఆమె మాట అయిపోతుంది.

లెస్టర్ తన గ్లాసు మీద అరచెయ్యి మూశాడు. వేళ్ళు వంకర్లుపోయిన చెయ్యి. "నేను నాలుగొందల అడుగుల లోతున పడుకుని నిద్రపోయినవాణ్ణి," అన్నాడు. "ఎవరో ఒకళ్ళు ఆ పలక కాచారని నమ్మి నిద్రపోయా. చెప్పమ్మా నువ్వు. నేను తాగను."

వెండెల్ అటు తిరిగాడు. ఆ బల్ల మీద వాళ్ళూ చెయ్యి మూశారు. దాని వెనక బల్ల, దాని వెనక బల్ల. మూల కూర్చున్న హాలిస్ తన గ్లాసుని రెండు చేతులతో గుండెకి ఆనించి పట్టుకున్నాడు. చివరికి వెండెల్ ఐరిన్ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. ఐరిన్ కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. గ్లాసు మెల్లగా బల్ల అంచుకి, అక్క ఉన్న వైపుకి, నిండుగానే జరిపింది.

"నాదయిపోయింది," అంది రోనా. "ఇంక చెప్పేది లేదు."

ఆమె కోపం మాత్రం అయిపోలేదు. ఆమె కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపొస్తుందని తెలుసు. వెండెల్ ముందు ఏడవడం ఆమెకు ఇష్టం లేదు.

వెండెల్ కుర్చీ వెనక్కి తన్ని, కోటు లాక్కుని, టోపీ నెత్తిన బిగించి తలుపు వైపు నడిచాడు. ఇంకో నాలుగడుగుల్లో తలుపు.

గంట మోగింది.

కొట్టింది మార్సెల్లా కాదు. లెస్టర్ కర్ర ఊతంతో బార్ దాకా నడిచి తనే తాడు లాగాడు. "టోపీ, వెండెల్. గ్లాసులు నిండుగానే ఉన్నాయి, పొయ్యక్కర్లేదు. నీ లెక్కలో రాసుకుంటుంది మార్సెల్లా. మాట నీది."

"నన్ను పోనీ లెస్టర్."

"ఇన్నేళ్ళు టోపీ పెట్టుకోకుండానే మాట్లాడావు. ఇవాళ హక్కుగా వచ్చింది. మాట్లాడు."

ఎవరూ గ్లాసు ముట్టలేదు. వెండెల్ టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఏ దేశానికి ఎన్ని ఓడలున్నాయో గుక్క తిప్పుకోకుండా చెప్పగల మనిషి పేర్ల గోడ వైపు చూశాడు, ఐరిన్ వైపు చూశాడు, నేల వైపు చూశాడు. వంటింట్లో నూనె చిటపటలాడటం వినిపించింది. చివరికి పెదాలు కదిలాయి.

"కాచలేదు," అన్నాడు. "నేనే వద్దన్నా. అచ్చు నేనే కొట్టా."

ముందు రెండు బల్లలకి కూడా సరిగా వినబడలేదు.

రోనా తన చోటు నుంచి కదలలేదు. "గట్టిగా చెప్పు వెండెల్," అంది. "వెనక బల్లల వాళ్ళకి వినపళ్ళేదు."

వెండెల్ మళ్ళీ చెప్పాడు.